ఇంటి ఖర్చు: ఎక్కడ మిగులుతుంది, ఎక్కడ మిగలదు

‘ఇంటి ఖర్చు తగ్గించుకోండిలా’ అన్న శీర్షిక కనపడితే కింద ఏముంటుందో చదవకుండానే చెప్పొచ్చు. పప్పు నానబెట్టి ఉడికించండి, గిన్నె మీద మూత పెట్టండి, కొత్తిమీర కాడలు పారేయకండి, చిట్టా రాసుకుని బజారుకు వెళ్లండి. వీటిలో తప్పుడు సలహా ఒక్కటీ లేదు. కాకపోతే ఒక్కటీ వంటింటి గడప దాటి బయటికి రాదు. పొదుపు ఇల్లాలి పని, ఇల్లాలి రాజ్యం వంటిల్లు అనే పాత లెక్కలోంచి పుట్టిన సలహాలివి. ఇంటి డబ్బు నిజంగా ఏ దారిన పోతోంది, ఏ సలహాకు ఎంత విలువ కట్టొచ్చు అన్నది ఒక్కసారి మొత్తంగా చూడాల్సిన విషయం.

ముందు అంకెలు. జాతీయ గణాంక కార్యాలయం 2023 ఆగస్టు నుంచి 2024 జులై వరకు జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 8,978 రూపాయలు, పల్లెల్లో 5,435. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణాల్లో 7,182, పల్లెల్లో 5,327. అంటే హైదరాబాద్, వరంగల్ లాంటి చోట నలుగురున్న ఇంటికి నెలకు సుమారు 36 వేలు. దేశం మొత్తం మీద పల్లెల్లో ఈ ఖర్చులో 47 శాతం, పట్టణాల్లో 40 శాతానికి కాస్త తక్కువ తిండికి పోతోంది. మిగతాది అద్దె, ప్రయాణం, కరెంటు, గ్యాసు, మందులు, చదువులు, బట్టలు, ఫోన్లు.

తిండి వాటాలోకి ఇంకాస్త తొంగి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 1999-2000లో పల్లెటూరి ఖర్చులో 22 శాతం దాకా బియ్యం, గోధుమలు, జొన్నల వంటి ధాన్యాలకే పోయేది. ఇప్పుడు అది 5 శాతం దగ్గరుంది. పానీయాలు, చిరుతిళ్లు, ప్యాకెట్ తిండి, హోటల్ భోజనం కలిపిన పద్దు పల్లెల్లో 10 శాతానికి చేరువైంది, పట్టణాల్లో 11 శాతం దాటింది. తిండి పద్దులన్నిటిలోకీ ఇదే పెద్దది. బియ్యం గింజ పారబోస్తే కోప్పడే ఇంట్లో బియ్యానికి రెట్టింపు ఖర్చు బయటి తిండికి అవుతోందన్న మాట.

బియ్యం వాటా ఇలా పడిపోవడానికి ఒక కారణం అందరికీ తెలిసిందే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యంతో ఈ రాయితీ మొదలైంది, ఇప్పుడు కేంద్రం రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోలు ఉచితంగా ఇస్తోంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. దొడ్డు బియ్యం ఇచ్చినన్నాళ్లు వాటిని తిరిగి అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి సన్న బియ్యం కొనుక్కునే ఇళ్లు ఎన్నో. సన్న బియ్యమే కార్డు మీద రావడంతో చాలా ఇళ్లలో నెలనెలా బస్తా ఖర్చు తప్పింది. వంటింటి చిట్కాలన్నీ కలిపినా నలుగురున్న ఇంటికి అంత మిగలదు.

పాత పద్ధతుల్లో మనవాళ్లు గొప్పగా చెప్పుకునేది ఏడాది సరుకు ఒకేసారి కొనడం. ఇది ఇప్పటికీ పనికొస్తుందా అంటే సరుకును బట్టి చెప్పాలి. గుంటూరు యార్డుకు మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ముమ్మరంగా వస్తుంది. కొత్త చింతపండు కూడా దాదాపు అప్పుడే. కందులు జనవరి, ఫిబ్రవరిలో మార్కెట్‌కు చేరతాయి; తాండూరు కందిపప్పు ఇష్టపడేవాళ్లకు మంచి సరుకు దొరికేదీ అప్పుడే. ఈ మూడూ బాగా ఎండబెడితే ఏడాదంతా నిలవుంటాయి, చోటు ఎక్కువ తీసుకోవు, పైగా మన వంటలో వీటి వాడకం తగ్గేది కాదు. కొనగలిగిన వాళ్లు ఎండాకాలంలోనే కొని ఎండలో వేసుకోవడం ఇవాళ్టికీ లాభమే. బియ్యం సంగతి వేరు. రెండు గదుల ఫ్లాటులో నాలుగు బస్తాలు పెట్టి పురుగు పడితే మిగిలేది చాకిరీ. నూనె నిలవ పెట్టడంలో అసలు అర్థం లేదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మౌలిక దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచి, 2025 మే చివర్లో 10 శాతానికి దించారు. నూనె ధరను ఢిల్లీ నుంచి వచ్చే ఒక నోటిఫికేషన్ మారుస్తుంటే, మన డబ్బాల నిలవ ఏం చేయగలదు? తక్కువ నూనెతో వండుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

కూరగాయల దగ్గర పాత తెలివి మరింత బాగా పనిచేస్తుంది. అయితే అది బేరమాడే తెలివి కాదు, మానుకునే తెలివి. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో మేలురకం టమాటా కిలో 200 రూపాయలకు చేరువైంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకు అమ్మిస్తే జనం బారులు తీరారు. ఇదే మదనపల్లెలో, కర్నూలు జిల్లా పత్తికొండలో గిట్టుబాటు కాక రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోసిన సందర్భాలూ ఉన్నాయి. చింతపండు, మామిడికాయ, చుక్కకూర, గోంగూర, చింతచిగురు ఉన్న వంటకు టమాటా లేకపోతే పూట గడవదని ఎప్పటి నుంచి అనుకోవడం మొదలుపెట్టామో తెలియదు. ధర పెరిగిన కూరను నెల రోజులు మరిచిపోగలిగిన ఇల్లు, ఏడాదంతా బేరమాడే ఇంటికన్నా ఎక్కువ మిగుల్చుకుంటుంది.

రైతు బజార్లు ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలయ్యాయి. దళారీ లేకుండా రైతే అమ్మడం, ధరల బోర్డు పెట్టడం వాటి మూలసూత్రాలు. బయటి మార్కెట్‌తో పోలిస్తే ధర తక్కువే. కానీ అయిదు కిలోమీటర్ల దూరంలోని రైతు బజారుకు బండి మీద వెళ్లి రావడానికి దాదాపు 20 రూపాయల పెట్రోలు అవుతుంది. 200 రూపాయల కూరలు కొని 30 మిగుల్చుకుంటే చేతికొచ్చేది పదే. వారానికొకసారి వెళ్లి 600 రూపాయల సరుకు తెచ్చుకుంటేనే ఈ ప్రయాణానికి అర్థముంది. పది నిమిషాల్లో గుమ్మం దగ్గరికి తెచ్చే యాప్‌ల లెక్క దీనికి తలకిందులు. అక్కడ వస్తువు ధర కన్నా డెలివరీ రుసుము, హ్యాండ్లింగ్ రుసుము, ‘ఇంకో 60 రూపాయలకు కొంటే డెలివరీ ఉచితం’ అన్న ఊరింపు ఎక్కువ ఖరీదు. ఆ 60 రూపాయలకు కొన్నది చాలాసార్లు ఇంట్లో ఎవరూ అడగని వస్తువే అవుతుంది.

ప్యాకెట్ల ప్రపంచంలో ఒక చిన్న అక్షరాల వరుస ఉంది, దాన్ని చదివేవాళ్లు తక్కువ. ప్యాకెట్ సరుకుకు ఫలానా బరువుల్లోనే అమ్మాలన్న పాత నిబంధనను కేంద్రం ఎత్తేసింది. దానికి బదులు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో, అంటే యూనిట్ ధరను ప్యాకెట్ మీద ముద్రించడం తప్పనిసరి చేసింది. ఈ మార్పు ఎవరికి లాభమైందో నూనె ప్యాకెట్లు చూస్తే తెలుస్తుంది. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు. ఇప్పుడు అదే ఎత్తు, అదే బొమ్మ ఉన్న ప్యాకెట్లలో 850 గ్రాములవీ, అంతకన్నా తక్కువవీ ఉన్నాయి. పక్క బ్రాండు కన్నా పది రూపాయలు తక్కువని తెచ్చుకున్న ప్యాకెట్ నిజానికి ఎక్కువ ధరదే కావచ్చు. యూనిట్ ధర చూడటం ఒక్కటి అలవాటైతే చాలు, ‘కుటుంబ ప్యాక్’, ‘20 శాతం అదనం’ లాంటి మాటలకు విలువుండదు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. పెద్ద సీసా కొంటే చవకన్న నమ్మకం షాంపూ దగ్గర చాలాసార్లు తప్పుతుంది. రూపాయి, రెండు రూపాయల సాచెట్‌లో మిల్లీలీటరు ధర సీసాలో కన్నా తక్కువగా ఉండటం మామూలే.

పన్నుల వల్ల పుట్టిన వింతలూ ఉన్నాయి. 2022 జులైలో 25 కిలోలు, అంతకు లోపు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వెంటనే మిల్లర్లు 26 కిలోల బస్తాలు కుట్టించారు. కిరాణా కొట్లో 26 కిలోల బస్తా ఎందుకుందని ఆశ్చర్యపోయిన వాళ్లకు జవాబు ఇదే. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద పూర్తిగా పోయింది. నెలకు వెయ్యి రూపాయల సబ్బులు, పేస్టులు వాడే ఇంటికి ఇది వంద పైచిలుకు. పాతిక వేల ఆరోగ్య బీమా ప్రీమియం కట్టే ఇంటికి ఏడాదికి 4,500. మన చర్చలన్నీ సబ్బుల చుట్టూ తిరిగాయి, ప్రీమియం సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇక కరెంటు బిల్లు. ఇంటి పద్దుల్లో ఇంత తక్కువ అర్థమైన కాగితం ఇంకోటి లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో లెక్క కట్టే తీరు వేరు కాబట్టి సలహా కూడా వేరుగా ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి గృహ వినియోగదారులందరికీ ఒకే మెట్ల పద్ధతి. మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఎన్ని యూనిట్లు కాల్చినా కింది మెట్ల ధరలు మారవు. 200 యూనిట్లకు ఇంధన చార్జీ 867 రూపాయలైతే, 201వ యూనిట్‌కు పెరిగేది ఆరు రూపాయలే. సర్దుబాటు చార్జీల పేరుతో తర్వాత వచ్చి పడేవి వేరు. వాటిని ఏ పొదుపూ ఆపలేదు.

తెలంగాణలో అలా కాదు. నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాతి వందకు 4.80. 200 యూనిట్లకు మొత్తం 820 రూపాయలు. 200 దాటితే ఆ మొదటి 200 యూనిట్లకూ కలిపి 5.10 చొప్పున వేస్తారు, ఆ పైన 300 దాకా 7.70. అంటే 201 యూనిట్ల బిల్లు 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఖరీదు 200 రూపాయలకు పైమాటే. 100 యూనిట్ల దగ్గర కూడా ఇలాంటి గట్టే ఉంది: 100 యూనిట్లకు 252.50 రూపాయలైతే, 101కి 344.80. 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న గృహజ్యోతి పథకంలో తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఆ ఇంట్లో 201వ యూనిట్ కాలితే వెయ్యి రూపాయలకు పైగా కట్టాలి. దేశంలో ఇంత ఖరీదైన యూనిట్ ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానం.

దీన్ని బట్టి ఏం చేయాలో తేలుతుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30-35. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 18 యూనిట్ల తేడా. హైదరాబాద్‌లో 150 యూనిట్లు కాల్చే ఇంట్లో ఒక ఫ్యాను మారిస్తే మిగిలేది 86 రూపాయలు. 215 యూనిట్లు కాల్చే ఇంట్లో అదే ఫ్యాను మారిస్తే వాడకం 197కి దిగి 330 రూపాయలు మిగులుతాయి. మూడు వేలు పెట్టి కొన్న ఫ్యాను మొదటి ఇంట్లో మూడేళ్లకు గిట్టుబాటవుతుంది, రెండో ఇంట్లో ఏడాది లోపే. ఒకే వస్తువు, ఒకే ఊరు, పక్కపక్క ఇళ్లు. అందుకే ‘ఫలానాది కొంటే ఇంత ఆదా’ అని అందరికీ ఒకే అంకె చెప్పే ప్రకటనలను నమ్మకూడదు. ముందు మీ బిల్లులో ఏ మెట్టు మీద ఉన్నారో చూడాలి.

మిగతా పరికరాల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే ఒక యూనిట్, నెలకు 30. రిమోట్‌తో ఆపేసినా పది వాట్లు లాగుతూ ఉండే సెట్‌టాప్ బాక్సు నెలకు 7 యూనిట్లు తింటుంది. గోడ దగ్గర స్విచ్ ఆపడం ఉచితం. ఏసీలో ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. 18 దగ్గర పెట్టి దుప్పటి కప్పుకునే అలవాటుకు ధర ఇదీ. సొంత డాబా ఉన్నవాళ్లకు మాత్రం అసలైన అవకాశం పైకప్పు మీదుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడు కిలోవాట్లు ఆ పైన మొత్తం 78 వేలు సబ్సిడీ. కిలోవాట్ సోలార్ ఎండ బాగా ఉండే మన ప్రాంతంలో నెలకు సుమారు 120 యూనిట్లిస్తుంది. నెలకు 300 దాటి కాల్చే ఇంటికి ఇది తేలిగ్గా గిట్టుతుంది; వంద లోపు కాల్చే ఇంటికి, అపార్టుమెంటులో అద్దెకుండే వాళ్లకు దీనితో పని లేదు.

గ్యాసా, ఇండక్షనా అన్న ప్రశ్నకు కూడా జవాబు బిల్లులోనే ఉంది. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న శక్తిని, స్టవ్ మీద వృథా అయ్యే వేడిని, ఇండక్షన్‌లో వృథా అయ్యేదాన్ని లెక్కలోకి తీసుకుంటే ఒక సిలిండర్ పని చేయడానికి ఇండక్షన్ పొయ్యికి దాదాపు 128 యూనిట్లు కావాలి. సిలిండర్ 900 రూపాయలనుకుంటే యూనిట్ 7 రూపాయల దగ్గర రెండూ సమానం. ఆంధ్రలో 225 యూనిట్ల లోపు ఇంటికి ఇండక్షన్ చవక, దాటితే గ్యాసే చవక. తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ వచ్చే ఇంటికి, ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే ఇంటికి గ్యాసును మించింది లేదు. ఇండక్షన్ మీద పప్పు వండి 200 గట్టు దాటించుకోవడం కన్నా నష్టపు బేరం ఉండదు.

ప్రయాణం విషయంలో ఇటీవల జరిగినంత మార్పు మరెందులోనూ జరగలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. రోజూ పనికి వెళ్లే మహిళకు నెలకు వెయ్యికి పైగా మిగలడం సాధారణం. సీట్ల కోసం పోట్లాటలు, మగవాళ్ల గొణుగుడు, ఆటో డ్రైవర్ల ఇబ్బంది నిజమే, వాటి గురించి వేరే మాట్లాడుకోవాలి. కానీ ఇంటి ఖర్చు కోణం నుంచి చూస్తే ఇది సూటిగా పనిచేసిన చర్య. పెట్రోలు మాత్రం మన దగ్గర దేశంలోనే ఖరీదైన వాటిలో ఒకటి. రెండు రాష్ట్రాల్లోనూ వ్యాట్ 30 శాతానికి పైనే. కాకినాడ, కోనసీమ వైపు జనం యానాం వెళ్లినప్పుడు ట్యాంకు నింపుకుని రావడం, అనంతపురం జిల్లా వాళ్లు కర్ణాటక సరిహద్దు బంకుల దగ్గర ఆగడం అందుకే.

మందుల దగ్గర మిగిలేది ఎంతో చాలామందికి తెలియదు. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు జీవితాంతం వాడేవి. జన ఔషధి దుకాణాల్లో ఇవే మందులు బ్రాండెడ్ ధర కన్నా 50 నుంచి 80 శాతం తక్కువకు దొరుకుతాయి. దేశంలో ఈ దుకాణాలు 15 వేలు దాటాయి. ఇద్దరు పెద్దవాళ్లకు నెలకు రెండు వేల మందులు కొనే ఇల్లు, డాక్టరును అడిగి జెనరిక్‌కు మారితే వెయ్యికి తగ్గకుండా మిగుల్చుకోగలదు. అడగడానికి మనవాళ్లకు మొహమాటం. ‘చవక మందు పనిచేయదు’ అన్న నమ్మకం దానికి తోడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు మాత్రలు ఉచితంగానే ఇస్తారు, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో రక్తపరీక్షలూ ఉచితమే. ఇవి పేదవాళ్లకని ఎవరికి వారే అనుకుని పక్కకు తప్పుకుంటున్నారు.

చదువు ఖర్చు మీద చిట్కాలు రాసేవాళ్లు ఎక్కువ మాట్లాడరు, ఎందుకంటే అక్కడ చిట్కా లేదు, నిర్ణయమే ఉంది. 2025లో వెలువడిన జాతీయ విద్యా సర్వే ప్రకారం ప్రభుత్వ బడిలో పిల్లవాడికి ఏడాదికి సగటున 2,863 రూపాయలు, ప్రైవేటు తదితర బడుల్లో 25,002 రూపాయలు ఇంటివాళ్లు ఖర్చుపెడుతున్నారు. మన నగరాల్లో కార్పొరేట్ బళ్లు, ఇంటర్ కాలేజీల ఫీజులు ఈ సగటుకు ఎన్నో రెట్లు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల చదువు కోసం తల్లి ఖాతాలో వేసే ‘తల్లికి వందనం’ డబ్బు కూడా చాలా ఇళ్లలో బ్యాంకులో పడిన వారానికే ఫీజు కౌంటర్‌కు చేరుతోంది. పిల్లల్ని ప్రభుత్వ బడికే పంపాలని ఎవరికీ ఉపదేశించను. అయితే నలభై వేల జీతంలో పన్నెండు వేలు ఫీజుకు కట్టే ఇంట్లో, ఆ ఫీజు సంగతి ఒక్కసారైనా చర్చకు పెట్టకుండా పాలలో నీళ్లు కలపమనడం అన్యాయం.

అన్నిటికన్నా పెద్ద చిల్లు వడ్డీ. మన లెక్కలో చెప్పాలంటే, క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం దాకా పడేది మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ వడ్డీ అడిగితే అప్పు తీసుకోకుండా తిరిగొచ్చే మనిషి, కార్డు మీద ‘కనీస మొత్తం’ కట్టి నిశ్చింతగా ఉంటాడు. 2004 తర్వాత మన డ్వాక్రా సంఘాలకు వచ్చింది పావలా వడ్డీ. రెండింటికీ తేడా పద్నాలుగు రెట్లు. 2019 నాటి జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో దాదాపు 92 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశంలో అప్పుల్లో ఉన్న రైతు కుటుంబాల వాటా ఎక్కువగా ఉన్న మొదటి రెండు రాష్ట్రాలూ మనవే. ఇలాంటి చోట ఇంటి పొదుపు అంటే ముందుగా ఖరీదైన అప్పును చవకైన అప్పులోకి మార్చడం. సంఘం నుంచి తీసుకుని కార్డు బాకీ తీర్చడం, నగలు తాకట్టు పెట్టాల్సి వస్తే వడ్డీ వ్యాపారి దగ్గర కాకుండా బ్యాంకులో పెట్టడం లాంటివి. లక్ష రూపాయల అప్పు మూడు రూపాయల వడ్డీ నుంచి రూపాయి వడ్డీకి మారితే నెలకు రెండు వేలు మిగులుతాయి.

ఇక అసలు అడగాల్సిన ప్రశ్న: ఈ పొదుపు ఎవరు చేస్తున్నారు? 2024 కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. వంటింటి పొదుపు సలహాలన్నీ ఆ 289 నిమిషాలను ఇంకాస్త పెంచేవే. పొడులు ఇంట్లోనే కొట్టుకోండి, వడియాలు పెట్టుకోండి, ఇడ్లీపిండి కొనకండి. ఇష్టంగా చేసుకుంటే మంచిదే, రుచీ ఉంటుంది. కానీ గంట పనికి ఇరవై రూపాయలు మిగిలితే, అది ఆమె శ్రమను గంటకు ఇరవై రూపాయలకు కొనడమే. ఏ రాష్ట్రంలోనూ కనీస వేతనం అంత తక్కువ లేదు. ఫ్యాను మార్చడం, మీటరు చూసుకోవడం, జెనరిక్ మందు అడగడం, అప్పు మార్చుకోవడం ఒక్కసారి చేస్తే నెలనెలా మిగిలే పనులు, అందులో చాలావరకు మగవాళ్లు చేయగలిగినవి. అయినా ఏ ‘పొదుపు చిట్కాల’ శీర్షికా మగవాళ్లను ఉద్దేశించి ఉండదు.

తెలుగునేల మీద ఇంటి ఖర్చు తగ్గించడానికి జరిగిన అన్నిటికన్నా పెద్ద ప్రయత్నం వంటింట్లో జరగలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే కూలి డబ్బులు ఇంట్లో నిలవడంతో నెల్లూరు ఆడవాళ్లు రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టడం మొదలుపెట్టారు. అదే పొదుపు లక్ష్మి, తర్వాత రాష్ట్రమంతా వ్యాపించిన పొదుపు సంఘాలకు దారి వేసింది. అది నిలబడటానికి ఒక కారణం, ఖర్చు తగ్గించిన వాళ్ల పేరు మీదే ఆ డబ్బు జమ కావడం. మిగిలిన రూపాయి ఇంటి ఉమ్మడి జేబులోకి తిరిగి వెళ్లి ఉంటే, మరుసటి నెలకే ఇంకేదో దుకాణానికి చేరేది.

ఇవాళ్టికీ ఇది వర్తిస్తుంది. కరెంటు బిల్లులో మూడు వందలు తగ్గాయి, మందుల్లో వెయ్యి తగ్గింది, బస్సు చార్జీల్లో వెయ్యి మిగిలింది అనుకుందాం. ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో నెలాఖరున చెప్పగలిగే ఇళ్లు తక్కువ. మీ ఇంట్లో మిగిలినదాన్ని జీతం పడిన రోజే వేరు చేసి, మిగుల్చిన మనిషి పేరు మీద పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లోనో, సంఘం పొదుపు పుస్తకంలోనో వేయండి. నెలకు వంద రూపాయలతోనే పోస్టాఫీసులో ఆర్డీ తెరుస్తారు.